మోకాలిలోతు నీళ్ళలో చరిత్ర

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర విషయమై ఏదైనా వ్రాయమని మన సంఘ కార్యదర్శి గారు కోరారు. రాజులను గురించీ, యుద్ధాలను గురించీ వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను తాలూకా కచేరీలో ఎల్.డి.సి.గా చేరి, ఫైళ్ళ మధ్యనే తల నెరిసినవాణ్ణి. కనుక నాకు అలవాటైన దారిలోనే ఒక చిన్న విషయం మనవి చేస్తాను.

ఈ మధ్య మన మనుమలు మెటల్ డిటెక్టరు అనే పరికరం కొని తెచ్చుకుంటున్నారు. విదేశాలలో పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చిన మన పెన్షనర్లు కూడా, సరస్సు ఒడ్డున మోకాలిలోతు నీళ్ళలో ఆ పరికరాన్ని అటూ ఇటూ ఆడిస్తూ తిరిగే మనుషులను చూసే ఉంటారు. ఇక్కడైతే వేసవిలో చెరువు ఎండగానే గుప్తనిధుల ఆశతో బయలుదేరేవారికి కొదవ లేదు. ఈ పనికి పూనుకునేవారు ముందుగా తెలుసుకోదగ్గ కథ ఒకటి స్విట్జర్లాండులో ఉన్నది.

ఆ దేశంలో నొషాటెల్ అనే మంచినీటి సరస్సు ఉంది. దాని ఒక కొసన ఉన్న చోటును లా టేన్ అంటారు. అక్కడి మాటలో ఆ పేరుకు లోతు తక్కువ నీళ్ళు అని అర్థం. 1857 నవంబరులో హాన్స్‌లీ కాప్ అనే ఆయన, పురాతన వస్తువులు సేకరించే కల్నల్ ఫ్రెడరిక్ ష్వాబ్ తరఫున అక్కడ వెతుకుతూ, నీటి అడుగున కొయ్య గుంజల వరుసలు చూశాడు. వాటి నడుమ నుండి సుమారు 40 ఇనుప వస్తువులు పైకి తీశాడు. వాటిలో ఎక్కువ భాగం ఆయుధాలే. అప్పటికి డిటెక్టరు లేదు. కంటితో చూడడం, చేతికందినది లాగడం, అంతే.

1868లో మొదలైన నదీజలాల సవరణ పనులతో సరస్సు మట్టం 2 మీటర్లకు పైగా తగ్గి, ఆ చోటు మెట్ట అయింది. పలువురు తవ్వారు. 1907 నుండి 1917 వరకు పద్ధతిగా తవ్వకాలు జరిగాయి. మొత్తం మీద 2,500 వరకు వస్తువులు దొరికాయి. వాటిలో కత్తులే 160కి పైగా ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం సుమారు 450 నుండి ఐరోపాలో సాగిన ఇనుప యుగ సంస్కృతికి ఈ చోటు పేరే పెట్టారు.

ఇంతా చేసి, అది ఏమిటి? దేవతలకు ఆయుధాలు సమర్పించిన పుణ్యస్థలమా, వంతెన దగ్గరి యుద్ధభూమియా, ఆయుధాల కొట్టా? పండితుల వాదం ఇంకా ముగియలేదు. అందుకు ఒక కారణం, తొలి రోజుల్లో తీసిన వస్తువులు ఏ గుంజ పక్కన, ఎంత లోతున దొరికాయో వ్రాసి పెట్టకపోవడం. ఆ వస్తువులు తలా ఒక మ్యూజియానికి చెదిరిపోయాయి. కత్తులు మిగిలాయి, వాటి చిరునామా పోయింది.

ఇక పరికరం సంగతి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ శరీరంలోని తూటా కోసం అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇటువంటి దానితోనే వెతికాడు, దొరకలేదు. 1937లో గెర్హార్డ్ ఫిషర్‌కు దీనిపై పేటెంటు వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో పోలండు ఇంజనీరు కొసాట్స్‌కీ రూపొందించిన మందుపాతర డిటెక్టరు 1942లో ఎల్ అలమీన్ వద్ద సైన్యానికి పనికివచ్చింది. చుట్టలోని తీగ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. దగ్గరలో లోహం ఉంటే అందులో విద్యుత్తు పుట్టి, ఆ మార్పు చెవికి చప్పుడుగా వినబడుతుంది. ఉప్పునీరు ఈ లెక్కను తికమక పెడుతుంది. మంచినీటిలో ఆ బాధ లేదు కనుకనే కొత్తవారు సరస్సుల్లో మొదలుపెడతారు.

చాలా పరికరాలలో కింది చుట్ట మాత్రమే నీటికి తట్టుకుంటుంది, పైనున్న పెట్టె తడిస్తే పాడవుతుంది. ఒంటరిగా దిగరాదు. బురదలో కాలు ఎత్తి వేయక, జరుపుతూ నడవాలి. దొరికేవాటిలో ఎక్కువ భాగం సీసా మూతలు, గాలపు ముళ్ళే. తూటావంటిది కనిపిస్తే ముట్టక పోలీసులకు చెప్పాలి. నీటిలో శతాబ్దాలు నిలిచిన ఇనుము, కొయ్య బయట ఎండితే పగిలి పొడి అవుతాయి. వాటిని తడిగానే ఉంచి అధికారులకు అప్పగించాలి.

ఇప్పుడు నా కచేరీకి వస్తాను. 1878 నాటి నిక్షేప చట్టం ప్రకారం, నేలలో దాగిన 10 రూపాయలకు మించిన నిధి దొరికినవారు కలెక్టరుకు వ్రాతపూర్వకంగా మూడు వివరాలు తెలపాలి: వస్తువు స్వభావముతో పాటు దాని సుమారు విలువ, దొరికిన స్థలము, దొరికిన తేదీ. దాచితే వాటా పోవడమే కాక శిక్ష కూడా ఉంది. 100 ఏళ్ళు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం కూడా వర్తిస్తుంది. స్విట్జర్లాండులోనూ 1912లో అమలులోకి వచ్చిన పౌర స్మృతి ప్రకారం, శాస్త్రీయ విలువ గల పురావస్తువులు ఆ ప్రాంత ప్రభుత్వానివే, కనుగొన్నవారికి తగిన ప్రతిఫలం దక్కుతుంది.

నా సర్వీసులో ఒకసారి, చెరువు పూడిక తీస్తుండగా దొరికిన రాగి నాణేల మూట ఒకటి ఫైలుతో సహా నా బల్ల మీదికి వచ్చింది. తెచ్చినవాడు నిజాయితీపరుడు, ఒక్క నాణెం దాచలేదు. స్థలం అన్నచోట మాత్రం 'చెరువులో' అని ఉంది. ఆ చెరువు నూరు ఎకరాల పైమాట. తూము దగ్గరా, అలుగు పక్కనా, గట్టు కిందా? గట్టు మట్టి అడుగున దొరికి ఉంటే, గట్టు ఆ నాణేల కాలం తరువాత కట్టినదని తేలేది. వాకబు చేసేసరికి పూడిక మట్టి బండ్ల మీద పొలాలకు చేరిపోయింది. నాణేలు ట్రెజరీకి చేరాయి. ఊరి చెరువు వయస్సు మాత్రం ఎవరికీ తెలియలేదు.

2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలై వేలాది చెరువుల్లో పూడిక తీశారు. ఇకముందూ తీస్తారు. అందుచేత పెన్షనరు సోదరులకు, సోదరీమణులకు నా విన్నపం ఒకటే. మీ పిల్లలు, మనుమలు నీటిలో ఏదైనా చూస్తే ముందు పైకి లాగవద్దని చెప్పండి. అక్కడ ఒక కర్ర పాతి, తూము నుండి ఎన్ని అడుగులో, ఎంత లోతో కాగితం మీద వేయించి, ఫోటో తీయించి, తహశీల్దారుకు తెలియజేయండి. అనుమతి లేకుండా డిటెక్టరుతో చెరువులో దిగనీయవద్దు. లోహం విలువ కంసాలి చెప్పగలడు. చరిత్ర చెప్పేది మాత్రం ఆ రెండవ కాలమ్, దొరికిన స్థలము. దాన్ని ఖాళీగా వదలకుండా నింపడం మన ఉద్యోగులకు కొత్త విద్య కాదు గదా.