జపాన్ పలుకు: అక్షరాల వరస, మాత్రల లెక్క

జపనీస్ అక్షరపట్టిక పేరు ‘గొజూఒన్’. యాభై ధ్వనులని అర్థం. అందులోని వరసలు అ, క, స, త, న, హ, మ, య, ర, వ. తెలుగు వర్ణమాల వచ్చినవారికి ఈ క్రమం ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ముందు అచ్చులు, తర్వాత కంఠం నుంచి పెదవుల దాకా హల్లులు, ఆపైన య, ర, వ అనే ఈ అమరిక సంస్కృత శిక్షాశాస్త్రానిది. మంత్రాలను తప్పులేకుండా పలకడానికి జపాన్ బౌద్ధ భిక్షువులు భారతీయ లిపి అయిన సిద్ధాన్ని నేర్చుకున్నారు. 804లో చైనా వెళ్లి 806లో తిరిగివచ్చిన కూకై ఆ చదువుకు జపాన్‌లో పునాది వేశాడు. 11వ శతాబ్ది ఆరంభపు రాతల్లో పట్టిక తొలి రూపం కనిపిస్తుంది.

ఇందులో హ వరస మాత్రం న, మల మధ్య ఇరుక్కుని చోటు తప్పినట్టు అనిపిస్తుంది. చోటు తప్పలేదు, ధ్వని మారింది. ఒకప్పుడు అది ప. తర్వాత రెండు పెదవుల మధ్య నుంచి ఊదే ఫ అయింది. 1603లో నాగసాకిలో జెస్యూట్ పాద్రీలు అచ్చువేసిన నిఘంటువు కూడా దాన్ని ఫగానే రాసింది. హ స్థిరపడింది ఆ తర్వాతే. పాత పలుకు నేటికీ ‘ఫు’లో ఉంది. దాన్ని పలికేటప్పుడు పై పళ్లు కింది పెదవికి తగలకూడదు. మాట మధ్యలోని ఫ మాత్రం వ వైపు జరిగింది. 1946 సంస్కరణ రాతను పలుకుకు దగ్గర చేసినా, వాక్యంలో విషయాన్ని సూచించే ప్రత్యయాన్ని ఇప్పటికీ ‘హ’ అని రాసి ‘వ’ అని చదువుతారు.

అచ్చులు ఐదే: అ, ఇ, ఉ, ఎ, ఒ. హ్రస్వ ఎ, ఒలు తెలుగులో ఉన్నవే కాబట్టి శ్రమ లేదు. తోక్యో మాటల్లో ఉకారానికి పెదవులు ముందుకు చాచరు. క, స, త వంటి శ్వాస హల్లుల మధ్య ఇ, ఉలు దాదాపు వినిపించవు. ‘సుకి’ అంటే ‘స్కి’లా చెవినపడుతుంది. వాక్యం చివర ‘దెసు’ కూడా ‘దెస్’ అవుతుంది. మహాప్రాణాలు లేవు, ట, డలు లేవు, ల, ళలు లేవు. త వరసలో ‘తు’ ఉండాల్సిన చోట వచ్చే ధ్వని తెలుగువారు ‘చుట్ట’ అనేటప్పుడు పలికే దంత్య చకారమే. పాతరోజుల్లో దీన్ని ౘ అని వేరుగా రాసేవారు.

అసలు కీలకం మాత్రల లెక్క. దీర్ఘం, సున్న, ద్విత్వం ఈ మూడింటిలో ఏది వచ్చినా ఒక మాత్ర పెరుగుతుంది. ఛందస్సులో లఘువుకు ఒకటి, గురువుకు రెండు అని లెక్కించిన చెవికి ఇది సొంత విద్యే. జపాన్‌కు వాళ్లు వాడే పేర్లలో ‘నిప్పొన్’ నాలుగు మాత్రలు, ‘నిహొన్’ మూడు. ఐదు, ఏడు, ఐదుగా నడిచే హైకూ లెక్కించేదీ ఈ మాత్రలనే. మాత్ర తప్పితే అర్థం మారిపోతుంది: ‘ఒబసన్’ పిన్ని లేదా అత్త, ‘ఒబాసన్’ అమ్మమ్మ లేదా నాయనమ్మ, ‘కితె’ అంటే రా, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ల. సున్న కూడా తెలుగు సున్నలాగే తర్వాతి హల్లును బట్టి మారుతుంది. వార్తాపత్రికను ‘షింబున్’ అన్నప్పుడు అది మకారమే.

ఇంత దగ్గరి పలుకు తెలుగులోకి వచ్చేసరికి చెడిపోవడానికి కారణం రోమన్ లిపి దారి. 1867లో వెలువడిన నిఘంటువుతో అమెరికన్ మిషనరీ వైద్యుడు జేమ్స్ హెప్‌బర్న్ పేరున స్థిరపడిన రాత ఇంగ్లీషు చదివేవారికి అనుకూలమైనది. మామూలు వాడకంలో అందులోని దీర్ఘచిహ్నాలు రాలిపోతాయి. త, ట తేడా కూడా అందులో తెలియదు. అందుకే మన పత్రికల్లో ‘తోక్యో’ టోక్యో అయింది. ‘ఓసక’ ఒసాకా అయింది, దీర్ఘం ఉన్నచోట పోయి లేనిచోట చేరింది. ‘అరిగతో’ని అరిగాటో అనడమూ ఇలాంటిదే.

స్వరం ఎత్తు ఇంకో సంగతి. తోక్యోలో ‘హషి’ మొదటి అక్షరం ఎత్తితే తినే పుల్లలు, రెండోది ఎత్తితే వంతెన. క్యోతొ వైపు ఇది తారుమారవుతుంది. రాతలో దీనికి గుర్తు లేదు, వినే నేర్చుకోవాలి.

జపనీస్ మొదలుపెట్టే తెలుగువారు రోమన్ లిపిని పక్కనపెట్టి ముందుగా జపనీస్ లిపి అయిన హిరగన నేర్చుకోవాలి. అది చేతికి వచ్చేదాకా మాటలను తెలుగు అక్షరాల్లోనే, హ్రస్వదీర్ఘాలు చూసుకుంటూ రాసుకోవాలి.