కాలనీ సంక్షేమ సంఘాలు: పేరు, సభ్యత్వం, నాయకత్వం

హైదరాబాదులోని ఇంటి యజమానుల సంఘాల చరిత్రకు నమోదు చట్టాలు ముఖ్యమైన ఆధారాలు. తెలంగాణ ప్రాంతంలో 1350 ఫసలీ నాటి చట్టం, ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటి చట్టం అమలులో ఉండగా, 2001లో ఉమ్మడి రాష్ట్రమంతటికీ ఒకే సంఘాల నమోదు చట్టం వచ్చింది. అపార్ట్‌మెంట్ల నిర్వహణను 1987 చట్టం యజమానుల సంఘానికి అప్పగించింది. 2016 నాటి స్థిరాస్తి చట్టం ఉమ్మడి స్థలాల హక్కును కూడా సంఘానికే బదలాయించాలని నిర్దేశించింది. అయితే కేటాయింపు పొందినవారి నిర్వచనం నుండి అద్దెదారులను మినహాయించింది. అంటే, ఈ చట్టాల దృష్టిలో నాయకత్వాన్ని ఎన్నుకొనే అర్హతకు మూలం యాజమాన్యమే గాని నివాసం కాదు. ‘సంక్షేమ సంఘం’ అన్న పేరు కాలనీవాసులందరినీ స్ఫురింపజేస్తుంది. సభ్యత్వం కొందరికే పరిమితమవుతుంది. అధ్యక్ష, కార్యదర్శుల ప్రాతినిధ్యాన్ని అంచనా వేయడానికి ఈ అంతరమే గీటురాయి.