పుదీనా కొమ్మా, పాత సిద్ధాంతమూ

"జంతువులు ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి, మొక్కలు అందుకు సరిగ్గా విరుద్ధం" అని నేను తరగతిలో యేళ్ల తరబడి చెప్పాను. "మరి రాత్రిపూట మొక్క యేం చేస్తుంది మాస్టారూ?" అని ఒక కుర్రవాడు అడిగేదాకా అందులో సగం తప్పని నాకు తట్టలేదు. మొక్క కూడా రేయింబవళ్లు శ్వాసిస్తూనే వుంటుంది. వెలుగులో దానికి తోడు ఆహారం తయారుచేసుకునే పని సాగుతుంది. అప్పుడు వెలువడే ప్రాణవాయువు శ్వాసకు ఖర్చయ్యేదాన్ని మించిపోతుంది. అంతే తేడా.

ఈ సంగతి ఒక్క మేధావికి ఒక్కనాడు తట్టింది కాదు. 1771 ఆగస్టులో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ, కొవ్వొత్తి మండి ఆరిపోయిన గాలిలో పుదీనా కొమ్మ వుంచాడు. పదిరోజులకు ఆ గాలిలో మరో కొవ్వొత్తి చక్కగా వెలిగింది. కాని ప్రయోగం తిరిగి చేస్తే ఒకసారి ఫలించేది, ఒకసారి బెడిసేది. కారణం 1779లో డచ్చి వైద్యుడు ఇంగెన్‌హౌస్ పట్టుకున్నాడు: గాలిని బాగుచేసేవి ఆకుపచ్చని భాగాలే, అదీ వెలుగు తగిలినప్పుడే, చీకట్లో మొక్క కూడా జంతువులాగే గాలిని చెరుపుతుంది. ఆ పనికి బొగ్గుపులుసు వాయువు అవసరమని 1782లో జెనీవాలో సెనెబియే చూపాడు. నీరు కూడా మొక్క పదార్థంలో చేరుతుందని 1804లో సోస్యూర్ తూచి నిరూపించాడు. ఈలోగా పారిస్‌లో లావోయిజే, జంతువుల శ్వాస కూడా నెమ్మదిగా సాగే దహనమేనని తేల్చాడు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించవలసింది వున్నది. ఫ్రెంచి విప్లవాన్ని అభిమానించి, అధికార మతాన్ని ధిక్కరించిన ప్రీస్ట్‌లీ ఇంటినీ ప్రయోగశాలనూ 1791లో బర్మింగ్‌హాములో అల్లరిమూక తగలబెట్టింది. 1794లో ఆయన అమెరికాకు వలసపోయాడు. అంతటి ధీరుడు, మండే వస్తువులో వుండే "ఫ్లోజిస్టన్" అనే పదార్థం మంటలో బయటికి పోతుందనే పాత సిద్ధాంతాన్ని 1804లో చనిపోయేదాకా విడవలేదు. 1774లో ప్రాణవాయువును స్వయంగా తయారుచేసి కూడా, దాన్ని ఆ పాత కళ్లతోనే చూశాడు. దాని అసలు అర్థాన్ని చెప్పిన లావోయిజే రాజుగారి పన్నుల గుత్తేదారు. ఆ గుత్తేదారీకే 1794లో విప్లవ ప్రభుత్వం అతని తల తీసింది.

రాజకీయాలలో ముందడుగు వేసినంత మాత్రాన ఆలోచనలో కూడా ముందున్నామని మనం ధీమా పడరాదు. బెడిసిన ప్రయోగాన్ని విసిరి పారెయ్యకుండా, యెందుకు బెడిసిందని అడిగినవాడే శాస్త్రాన్ని నడిపాడు. నా తరగతిలో ఆ ప్రశ్న వేసింది నేను కాదు, వెనక బల్ల కుర్రవాడు.