వైన్ రుచి చూసే గది: లోపలి అమరిక ఎలా ఉండాలి?

చిక్కబళ్ళాపురం, కోలారు జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలకు ద్రాక్ష కొత్త పంటేమీ కాదు. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన బెంగళూరు బ్లూ ద్రాక్ష ఈ నేలదే. నంది కొండల దిగువన గ్రోవర్ కుటుంబం 1980ల చివర్లో ఫ్రెంచి రకాలు నాటింది. నాసిక్‌లో సులా సంస్థ 2005లో సందర్శకుల కోసం టేస్టింగ్ రూమ్ తెరిచింది. కర్ణాటక ప్రభుత్వం 2007లో వైన్ విధానం తెచ్చింది. అప్పటినుంచి తోట పక్కనే చిన్న వైనరీ పెట్టాలన్న ఆలోచన మనవాళ్ళలోనూ వినిపిస్తోంది. అలా పెట్టేవారు గదికి డబ్బు ఖర్చు చేసేముందు తెలుసుకోవలసిన సంగతులు ఇవి.

వాసన: వైన్ రుచిలో ఎక్కువ భాగం ముక్కుతోనే తెలుస్తుంది. మా సంఘం తరఫున బస్సులో ఒక వైనరీకి వెళ్ళాం. గది చూడముచ్చటగా ఉంది. కానీ కొత్త వార్నిష్, అగరుబత్తి, ఫినాయిల్ వాసనల మధ్య ఏ గ్లాసూ ఏమీ చెప్పలేదు. ఒక్కరూ సీసా కొనలేదు. కనుక వార్నిష్ పని ప్రారంభానికి కొన్ని వారాల ముందే ముగించాలి. పూజ ఉదయమే చేసుకుని కిటికీలు తెరవాలి. మల్లెపూలు, రూమ్ ఫ్రెష్‌నర్ వద్దు. తాలింపు ఘాటు రాకుండా వంటగది తలుపు ఈ గదిలోకి తెరుచుకోకూడదు.

వెలుతురు: పసుపు దీపాల కింద ఎర్ర వైన్ నల్లగా కనిపిస్తుంది. రంగులను సరిగ్గా చూపే, సీఆర్ఐ 90కి పైనున్న తెల్లని ఎల్ఈడీలు పెట్టాలి. గోడలకు లేత రంగు వేసి, గ్లాసు కింద తెల్ల కాగితం పరచాలి. తోటవైపు పెద్ద కిటికీ మంచిదే, కానీ సీసాలమీద ఎండ పడితే వైన్ చెడుతుంది.

బల్ల: నిలబడి రుచి చూసే కౌంటర్ ఎత్తు మూడున్నర అడుగులు, ఒక్కొక్కరికి రెండడుగుల చోటు ఉండాలి. వడ్డించేవారు తిరగడానికి వెనక కనీసం మూడడుగులు వదలాలి. వైన్‌లోని పులుపు పాలరాతిని తినేస్తుంది, ఎరుపు మరకలు పోవు. నేలకు మన ప్రాంతపు గ్రానైట్ చాలు.

చల్లదనం: తెల్ల వైన్ 8 నుంచి 12 డిగ్రీలు, ఎర్ర వైన్ 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఇవ్వాలి. గది వేడెక్కితే ఆల్కహాల్ ఘాటే ముందు వస్తుంది. ఏసీ గాలి నేరుగా బల్లమీదికి వీయకూడదు.

ఉమ్మే పాత్ర: ఇది చాలామంది మరిచిపోయేది. ఒక్కో రకం 50 మిల్లీలీటర్ల చొప్పున అయిదు రకాలు పోస్తే 250 మిల్లీలీటర్లు, అంటే సీసాలో మూడో వంతు. వచ్చినవారు తిరిగి బండి నడపాలి. రుచి చూసి ఉమ్మేయడానికి ప్రతి ఇద్దరికీ ఒక పాత్ర, పక్కన మంచినీళ్ళు పెట్టాలి. పోసే కొలత 30 మిల్లీలీటర్లకు తగ్గించినా తప్పులేదు.

తాగనివారు: మన కుటుంబాలు ఇంటిల్లిపాదీ వస్తాయి. పెద్దవాళ్ళకు చేతులున్న కుర్చీలు, మెట్ల పక్కన ర్యాంపు, పిల్లలకు ద్రాక్షరసం ఇచ్చే వేరే బల్ల ఉండాలి. మహారాష్ట్రలో వైన్‌కు కనీస వయసు 21 ఏళ్ళు. ఏ రాష్ట్రంలోనైనా ఎక్సైజ్ శాఖ అనుమతి, నకలుతో సహా చేతికి వచ్చాకే వడ్రంగిని పిలవండి.

డబ్బు తక్కువైతే ముందు గాలి, వెలుతురు, చల్లదనం, నీళ్ళు చూసుకోండి. చెక్క నగిషీలు, పాత పీపాల అలంకారం మరుసటి పంట అమ్మాక చేయించుకోవచ్చు.