ముదిమియందు దూరపు పరుగు

కావలినుండి నెల్లూరికి పోవు రాజబాట యాభై కిలోమీటర్లకు పైబడి యుండును. పెద్దల లెక్కలో ఇంచుమించు నాలుగామడలు. ఈ దూరమును పరుగుననే చేరవలెనన్నచో నవ్వనివారుండరు; చేరవలసినవాడు అరువదేండ్లు దాటినవాడన్నచో మరింత నవ్వుదురు. అయినను ఇట్టి పరుగునకు లోకములో ఒక పేరు, ఒక చరిత్ర కలవు. మారథాను పందెపు దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. దానిని మించిన పరుగెల్ల అల్ట్రామారథాను అనబడును. మన బాట ఆ లెక్కకు చాలును. జీతము కొరకు గాక వేడుకకొరకు పరుగిడిన వయోవృద్ధులు ఈ చరిత్రలో ఎట్టి స్థానము సంపాదించిరో నేడు విచారింతము.

ఈ తీరమునకు పరుగు కొత్త కాదు. రైలు రాక పూర్వము మదరాసునకు, కలకత్తాకు నడుమ ఉత్తరములు ఈ మార్గముననే నడచుచుండెడివి. తపాలు సంచిని భుజమున వేసికొని, గజ్జెలు కట్టిన బల్లెమును చేత బట్టి, రన్నరు తన మజిలీవరకు పరుగిడి, అచట మరియొకని కప్పగించెడివాడు. 1899లో మదరాసు–బెజవాడ రైలుమార్గము కలిసిన పిమ్మట ఆ పరుగు అవసరము సన్నగిల్లెను. దారి ఎంత దీర్ఘమైనను ఒక్కొక్కని వంతు కొద్ది మైళ్లే. దేహమునకు హద్దు కలదని ఆ ఏర్పాటు చేసినవారెరుగుదురు. వారిది కూటికొరకైన పరుగు. కోరి పరుగిడువాడు తన హద్దును తానే కనుగొనవలెను.

ఆ హద్దు మనమూహించునంత దగ్గర కాదని 1983లో ఆస్ట్రేలియా దేశమున క్లిఫ్ యంగ్ అను రైతు చూపెను. ఉర్లగడ్డలు పండించుకొను ఆయన వయసప్పటికి 61 ఏండ్లు. సిడ్నీనుండి మెల్‌బర్నునకు 875 కిలోమీటర్ల పందెమున తనకంటె చిన్నవారితో కలిసి బయలుదేరెను. పాదములు నేలనుండి ఎక్కువగ లేవని ఈడ్పు పరుగు ఆయనది. ఆ పరుగుననే, నిద్ర తగ్గించుకొని, 5 దినముల 15 గంటలలో అందరికంటె ముందు గమ్యము చేరెను. వచ్చిన పదివేల డాలర్ల బహుమానమును తోడివారికి పంచియిచ్చెను. వేగము యౌవనమునకు సొత్తు. ఓపిక వయసుతో గూడ పెరుగవచ్చును.

ఇంతకంటె పురాతనమైనది దక్షిణాఫ్రికాలోని కామ్రేడ్స్ మారథాను. మొదటి ప్రపంచయుద్ధమున మడిసిన సైనికుల స్మృత్యర్థము విక్ క్లాఫమ్ అను మాజీ సైనికుడు దీనిని 1921లో ఆరంభించెను. డర్బను, పీటర్‌మారిట్స్‌బర్గు నగరముల నడుమ కొండలెక్కి దిగుచు సుమారు 90 కిలోమీటర్లు పోవలెను. తొలియేట 34 గురు బయలుదేరగా 16 గురే చేరిరి. ఆ నేటాలు సీమ మనకు పరాయిది కాదు. 1860లో మదరాసు రేవునుండి ట్రూరో అను ఓడ పోయినది మొదలు, ఒడంబడిక కూలీలుగ ఎన్నో తెలుగు కుటుంబములు అచటి చెరకుతోటలకు చేరినవి. అయినను తమ ఊళ్లమీదుగ పోవు ఆ పరుగున భారతీయులకును, నల్లవారికిని, ఏ జాతి స్త్రీలకైనను 1975వరకు అధికారికముగ చోటు లేకుండెను. అనుమతి లేకయే పరుగిడినవారు కొందరు కలరు. వారి కాలము నాటి పట్టికల కెక్కలేదు.

ఆ పందెమున వాలీ హేవార్డ్ చరిత్ర ప్రత్యేకముగ స్మరింపదగినది. 1930లో, 21 ఏండ్ల ప్రాయమున, ఆయన ప్రథముడాయెను. 1950 మొదలు 1954వరకు మరి నాలుగు మారులు గెలిచెను. ప్రయాణపు ఖర్చులకు స్వల్ప విరాళము పుచ్చుకొనెనని ఆయనను వృత్తిక్రీడాకారునిగ నెంచి, చాల ఏండ్లు పందెములకు దూరముగ నుంచిరి. ఆ కాలమున ఔత్సాహికుడనిపించుకొనుట అంత కఠినము. అట్టివాడు 1988లో, 79 ఏండ్ల వయసున, మరల వచ్చి 9 గంటల 44 నిమిషములలో ముగించి లోకము నాశ్చర్యపరచెను. మరుసటి యేడు 80వ యేట ఇంకొకసారి బయలుదేరెను. ఈసారి దేహము సహకరింపలేదు. గడువు 11 గంటలు. తూలుచు, తడబడుచు ఆయన గీత దాటునప్పటికి మిగిలినది రెండు నిమిషములైనను లేదు. ఆ పిమ్మట ఆయన కామ్రేడ్స్ పందెమున మరల పరుగెత్తలేదు.

ఈ రెండేండ్ల కథలో గొప్ప ఏది? మొదటిది సాహసము, రెండవదాని వెనుక వచ్చిన విరమణ వివేకము. వ్యాయామము లేనివారికి ముప్పది దాటినది మొదలు, ప్రాణవాయువును గ్రహించు శక్తి పదేండ్లకు నూటికి సుమారు పదివంతున తగ్గుననియు, అభ్యాసము విడువనివారియందు ఆ తరుగుదల నెమ్మదిగ సాగుననియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. తరుగుదలను మందగింపజేయవచ్చును గాని మాన్పుట ఎవరి తరమును కాదు.

కావున మన తీరమున ఏ పెద్దయైనను వేకువజామున పరుగిడజూచినచో నవ్వవలదు. రోహిణికార్తె ఎండను తప్పించుకొని, వైద్యుని యడిగి, దినదినము కొద్దిగ దూరము పెంచుకొనవలెను. దేహము చాలునన్ననాడు ఆ మాట వినవలెను. దూరమును గెలుచుటకు ఓపిక కావలెను. ఆగుటకు అంతకంటె పెద్ద ఓపిక కావలెనని మా మనవి.