ఉన్నవ దంపతులు - శారదా నికేతనము

పల్నాటి చరిత్ర యనగానే కారంపూడి రణరంగము, నాగమ్మ, బ్రహ్మనాయుడు స్ఫురింతురు. ఆ పిమ్మట పుల్లరి సత్యాగ్రహము, 1922 ఫిబ్రవరిలో మించాలపాడున ప్రాణములర్పించిన కన్నెగంటి హనుమంతు జ్ఞప్తికి వత్తురు. ఆ పుల్లరి యుద్యమమును నడపిన నాయకులలో ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు ఒకరు. వారును, వారి ధర్మపత్ని లక్ష్మీబాయమ్మగారును చేసిన మఱియొక మహాకార్యము మాత్రము మన పల్లెలలో అంతగా చెప్పుకొనబడుట లేదు. చదువునకును, పనికిని, తుదకు ఇంటివారి యాదరమునకును దూరమైన యువతులను చేరదీసి, తమ కాళ్ళపై తాము నిలుచునట్లు చేసిన కార్యమది. గ్రంథాలయ రజతోత్సవవేళ దానిని స్మరించుట యుచితము.

లక్ష్మీనారాయణగారు 1877 డిసెంబరు 4వ తేదీన, పల్నాటికి పొరుగుననున్న నాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడు గ్రామమున జన్మించిరి. 1900లో జొన్నవిత్తుల గురునాథముగారితో కలిసి గుంటూరున యువజనుల సాహిత్య సంఘమును, 1902లో వితంతు శరణాలయమును నెలకొల్పిరి. ఒకటి చదువుకొన్న యువకుల కొఱకు. రెండవది చదువు అందని యువతుల కొఱకు. ఈ రెండవ పనియే వారి జీవితమున నానాటికి విస్తరించినది.

ఆనాటి పరిస్థితి తలంచుకొన్నగాని దాని విలువ బోధపడదు. 1901 జనగణన ప్రకారము మనదేశమున చదువు వచ్చిన స్త్రీలు నూటికి ఒకరికంటె తక్కువ. బాలికకు పెండ్లితోనే బడి ముగియుచుండెను. భర్త మరణించినచో ఆ పసిపిల్ల జీవితాంతము ఒకరి పంచన పడియుండవలసినదే. వితంతు వివాహము 1856లోనే చట్టసమ్మతమైనది. వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. అయినను సంఘబహిష్కారమునకు వెఱచి ముందుకు వచ్చు వరులు కొలదిమందియే. పునర్వివాహము కుదరనివారి గతి యేమి? కోరనివారి గతి యేమి? పెండ్లి యొక్కటే మార్గమైనచో వారి బ్రతుకు మరల పరుల దయపైననే యాధారపడును.

ఈ ప్రశ్నకు సమాధానము ఇతర ప్రాంతములందును వెదకబడుచుండెను. పండిత రమాబాయి 1889లో బొంబాయిలో శారదా సదనమును, ధొండో కేశవ కార్వే 1896లో పూనాలో వితంతువులకై యాశ్రమమును స్థాపించిరి. తెలుగునాట 1922లో ఉన్నవ దంపతులు గుంటూరున శారదా నికేతనమును స్థాపించిరి. పుల్లరి యుద్యమ కారణమున పంతులుగారు కారాగారము ననుభవించి, అక్కడనే 'మాలపల్లి' నవలను రచించిన దినములు కూడ అవియే. సంస్థకు ఊపిరిపోసి నిలిపిన తల్లి లక్ష్మీబాయమ్మగారు. ఆమెయు స్వాతంత్ర్య సమరమున కారాగారవాసము చేసిన ధీర.

నికేతనమున విద్యార్థినులకు వసతి యుండెను. తెలుగు, సంస్కృతము, హిందీ నేర్పుచుండిరి. కుట్టుపని మొదలగు చేతిపనులలో శిక్షణ యిచ్చుచుండిరి. భాషాప్రవీణ వంటి పరీక్షలకు పంపుచుండిరి. ఈ యేర్పాటులో గొప్ప వివేకము గలదు. వసతి మాత్రమే యున్నచో అది అన్నసత్రమగును. అక్షరములు మాత్రమే నేర్పినచో ఆకలి తీరదు. చేతిపని మాత్రమే నేర్పినచో చాలీచాలని కూలితో బ్రతుకు ముగియును. ఈ మూడును ఒక్కచోట కలిసినందువలననే ఆ విద్య ఫలించినది.

పరీక్షల యెన్నిక సైతము గమనింపదగినది. చిన్ననాట బడి మానిన యువతి ఇరువదవ యేట ఆంగ్లపాఠశాలలో మొదటి తరగతి నుండి ఆరంభించుట దుస్సాధ్యము. భాషా పరీక్షలో, ఆలస్యముగా చదువు మొదలిడినవారికి సైతము అందుబాటులోనున్న మెట్టు. బాలికల పాఠశాలలు పెరుగుచుండుటచే ఉపాధ్యాయినుల యవసరము హెచ్చినది. నేర్పిన విద్యకును, లోకమున నున్న యుద్యోగమునకును అట్లు వంతెన యేర్పడినది. దిక్కులేనిదని లోకము జాలిపడిన యువతి పదిమంది పిల్లలకు గురువు కాగలిగినది.

లక్ష్మీనారాయణగారు 1958లో పరమపదించిరి. నేటికి కాలము మిక్కిలి మారినది. 1929లో బాల్యవివాహ నిరోధక చట్టము వచ్చినది. 2006 నాటి చట్టము ననుసరించి బాలికకు పదునెనిమిదేండ్లు నిండనిదే వివాహము చేయరాదు. అయినను 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశమున 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిదేండ్లు నిండకమునుపే పెండ్లి జరిగినది. ఉచిత నిర్బంధ విద్యాహక్కు 2009 నాటి చట్టము వలన పదునాలుగేండ్ల వఱకే కలదు. ఆపైన కళాశాల పట్టణమున నుండును. మిరపకోతలు, పత్తితీతలు ఇంటిముందే యుండును. బడి విడిచిన బాలిక కూలికో, కల్యాణమండపమునకో పోవుచున్నది. బాలుడు రచ్చబండ చేరుచున్నాడు. వారు చెడ్డవారు కారు; వారికి తరువాతి మెట్టు కనబడలేదు.

ఆ మెట్టు చూపుట గ్రంథాలయమునకు తగిన పని. గ్రంథాలయము వసతిగృహము కానేరదు, శిక్షణాలయమును కానేరదు. కాని మధ్యలో చదువు మానినవారికి సార్వత్రిక పాఠశాల కలదనియు, పారిశ్రామిక శిక్షణ సంస్థలలో ప్రవేశములు ఎప్పుడనియు, బాలికలకు కస్తూరిబా గాంధీ విద్యాలయములందు వసతి కలదనియు తెలుపవచ్చును. దరఖాస్తు నింపుటకు తోడ్పడవచ్చును. ఆడపిల్లలు జంకులేక వచ్చి కూర్చుండుటకు దినమునకొక గంట కేటాయింపవచ్చును. ఊరిలో బడి మానినవారెవరో గ్రామస్థులకు తెలియనిది కాదు. ఇంటికి పోయి పిలుచువా రొక్కరున్న చాలును.

ఉన్నవ దంపతులు వెనుకబడినవారిని నిందింపలేదు. వారికి దారి చూపి, కడదాక తోడు నడచిరి. పుల్లరి సత్యాగ్రహము పల్నాటికి ధైర్యము నేర్పినది. శారదా నికేతనము ఓర్పు నేర్పినది. ధైర్యమునకు మన గ్రామములలో శిలావిగ్రహములు వెలసినవి. ఓర్పునకు తగిన స్మారకము, తిరిగి పుస్తకము పట్టిన యొక్క బాలిక.