స్కూబా డైవింగు శిక్షణలో భౌతిక, శరీరధర్మ శాస్త్రాలు

స్కూబా డైవింగు అనగా శ్వాసించుటకు కావలసిన గాలిని సిలిండరులో వెంట తీసుకొని నీటి అడుగున సంచరించడం. 1943లో ఫ్రాన్సుకు చెందిన ఝాక్ ఈవ్ కూస్తో, ఎమీల్ గాన్యాన్ రూపొందించిన ఆక్వాలంగ్ అనే సాధనంతో ఇది వ్యాప్తిలోకి వచ్చింది. శిక్షణలో ఈతతో పాటు వాయు నియమాలను కూడా బోధిస్తారు. ఇవి ఇంటర్మీడియట్ విద్యార్థులకు పరిచితమైనవే.

బాయిల్ నియమం

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు పీడనం ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. ఏలూరు సమీపంలోని కొల్లేరు సరస్సు సగటు లోతు సుమారు ఒక మీటరే కావున, అక్కడ మునిగి లేచేవారికి ఈ మార్పు అంతగా తెలియదు. పైగా వారు పీల్చినది గట్టుమీది గాలి. అది లోపల కుంచించుకొని, పైకి రాగానే మునుపటి పరిమాణానికి వస్తుంది. స్కూబా డైవరు సంగతి వేరు. అతడు లోతులోనే, అక్కడి పీడనంతో సమానమైన గాలిని పీలుస్తాడు. 10 మీటర్ల లోతున ఊపిరితిత్తులలో 5 లీటర్ల గాలి నింపుకొని, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ గాలి 10 లీటర్లు కావలసి ఉంటుంది. ఊపిరితిత్తులు అంతకు ముందే చిట్లి, గాలి బుడగలు రక్తంలో చేరి ప్రాణాపాయం కలుగుతుంది. 30 నుండి 20 మీటర్లకు వచ్చినపుడు పరిమాణం మూడో వంతు మాత్రమే పెరుగుతుంది, చివరి 10 మీటర్లలో రెట్టింపవుతుంది. అనగా ఉపరితలానికి దగ్గరలోనే ప్రమాదం ఎక్కువ. ఊపిరి ఎన్నడూ బిగబట్టరాదన్నది శిక్షణలో మొదటి నియమం.

హెన్రీ నియమం

పీడనం పెరిగినకొద్దీ ద్రవంలో వాయువు ఎక్కువగా కరుగుతుంది. డైవరు రక్తంలోను, కణజాలంలోను నత్రజని ఇట్లే కరుగుతుంది. వేగంగా పైకి వస్తే, గోలీసోడా కొట్టినప్పటివలె బుడగలు ఏర్పడి కీళ్ళనొప్పులు, పక్షవాతం కలుగవచ్చు. దీనిని నివారించుటకు జె.ఎస్.హాల్డేన్ మేకలపై ప్రయోగాలు జరిపి, అంచెలంచెలుగా పైకి వచ్చే పద్ధతిని, అందుకు తగిన పట్టికలను 1908లో ప్రకటించాడు.

ప్రాణవాయువు, హాల్డేన్ కుమారుడు

సిలిండరులో ఉండేది ఆక్సిజనే అని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అందులో ఉండేది సంపీడనం చేసిన గాలి మాత్రమే. అధిక పీడనం వద్ద స్వచ్ఛమైన ప్రాణవాయువు నాడీమండలానికి విషతుల్యమై మూర్ఛ కలిగిస్తుంది; నీటిలో మూర్ఛ వస్తే మునిగిపోవడమే. 1939లో థెటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది మరణించిన తరువాత, హాల్డేన్ కుమారుడు జె.బి.ఎస్.హాల్డేన్ ఈ విషయమై పీడన గదిలో తనపైనే ప్రయోగాలు చేసుకున్నాడు. అట్టి మూర్ఛలో ఆయన వెన్నెముక దెబ్బతిన్నది. ఆయన 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాడు. ఆయన కోరిక మేరకు భౌతికకాయాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

డైవింగు తరువాత

ఒక డైవు చేసినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు చేసినవారు 18 గంటలు విమానం ఎక్కరాదని సూచిస్తారు. పైకి వెళ్ళినకొద్దీ గాలి పీడనం తగ్గి, శరీరంలో మిగిలిన నత్రజని బుడగలు కాగలదు. ఎత్తైన కొండ ప్రాంతాలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. విశాఖపట్నం తీరంలో డైవు చేసినవారు అదే రోజు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయకు వెళ్ళకూడదు. తీరమైదానం మీదుగా సాగే రైలులో తాడేపల్లిగూడెం, ఏలూరు వైపు తిరిగి వచ్చుటకు ఈ అభ్యంతరం లేదు.